కోటు ఇచ్చాకే విమానం

మమ్మల్ని కాపాడటానికి మన దేశం నుంచి నలభై మంది సైనికులు వచ్చారు. బుధవారం పొద్దున్న దిగారు. సాయంత్రం ఐదింటికల్లా అందరినీ విమానం ఎక్కించి తీసుకుపోవాలని వాళ్ళకు ఉత్తర్వు.

నేను అక్కడి మన రాయబార కార్యాలయంలో డ్రైవరుని. ఇరవై ఆరేళ్ళు ఆ ఊళ్ళో తెల్ల వ్యాను తోలాను. ముందు ఆదివారం ఆ దేశపు ప్రభుత్వం పడిపోయింది. కొత్తది ఇంకా లేవలేదు. ఈలోగా నాలుగు గుంపులు నాలుగు వీధులు పంచుకుని కాల్చుకుంటున్నాయి. మా రాయబారి గారు మూడు రోజులుగా బల్ల కింద కూర్చునే ఫోన్లు మాట్లాడుతున్నారు. భయమని అంటే బాగుండదు కనుక, ఫోను తీగ పొట్టిదని చెప్పుకున్నాం.

సైనికుల పెద్ద ఒక కెప్టెను. ముప్పై దాటి ఉండవు. బూట్ల నుంచి మీసం దాకా అన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండేవాడు. హాల్లో అందరినీ వరసగా నిలబెట్టి జాబితాలో పేర్లు పిలిచాడు. మొత్తం ఇరవై ఏడు. ఇరవై ఆరుగురు పలికారు.

"ఇంకొకరు ఎక్కడ?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు.

"మా అక్క" అన్నాను.

"ఎక్కడుంది?"

"కొట్లో."

"ఈ గొడవల్లో కొట్లో ఏం చేస్తోంది?"

"కుడుతోంది."

కెప్టెను గడియారం చూసుకున్నాడు. పది అయింది. "చూడండి పెద్దాయనా, విమానం ఐదింటికి లేస్తుంది. ఒక్కరి కోసం ఇరవై ఆరుగురిని ఆపలేను."

"ఇరవై ఐదుగురు" అన్నాను.

"అదేం లెక్క?"

"అక్క రాకపోతే నేను రాను."

ఆ వారంలో నేను మాట్లాడిన మాటల్లో అదే పొడుగు. బావ పోయాక అక్కను ఆ ఊరు తీసుకొచ్చింది నేను. ఆమెకు పిల్లలు లేరు, నాకు పెళ్ళి లేదు. మాకు మేమే. తెచ్చినవాణ్ణి, అక్కడ వదిలేసి ఎలా పోతాను?

ఆ ఊరి దారులు తెలిసిన డ్రైవరుని నేనొక్కడినే. కెప్టెనుకు వేరే దారి లేకపోయింది. ఎనిమిది మంది సైనికులను వ్యానులో కుక్కి, తాను నా పక్కన కూర్చున్నాడు.

బజారంతా షట్టర్లు దించి ఉంది. ఒక్క షట్టరు మాత్రం సగం ఎత్తి ఉంది. లోపల్నుంచి కుట్టుమిషను చప్పుడు. కెప్టెను వంగి లోపలికి అడుగు పెట్టబోయాడు.

"ఆగక్కడ!" అంది అక్క. మిషను ఆగలేదు. "నేల మీద గుడ్డ పరిచి కత్తిరించుకున్నాను. ఆ బూట్లతో తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

ఎనిమిది మంది సైనికులూ, కెప్టెనూ మెట్ల మీద వరసగా కూర్చుని బూట్లు విప్పారు. ఆ బూట్లకు ఎన్ని తాళ్ళో, పావుగంట పట్టింది. ఈలోగా పక్క వీధిలో రెండు తుపాకులు పేలాయి. ఒకడు ఒక బూటుతోనే లేచి తుపాకి అందుకున్నాడు. వాడి రెండో కాలి మేజోడుకు చిల్లు. అందులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది.

అక్క కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఏమయ్యా, దేశాన్ని కాపాడతావు గానీ బొటనవేలిని కాపాడుకోలేవా?"

వాడు ఆ కాలు వెనక్కి దాచుకున్నాడు.

కెప్టెను మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, మిమ్మల్ని క్షేమంగా ఇంటికి చేర్చడానికి వచ్చాం. సాయంత్రం విమానం. ఒక చిన్న సంచీ సర్దుకుని బయల్దేరండి."

"వస్తాను నాయనా, రాననడం లేదు. ఈ పదిహేడు జతలూ ఎవరివి వాళ్ళకు చేరాక వస్తాను."

"బట్టలా? వదిలేసి రండమ్మా!"

అక్క అప్పుడు మిషను ఆపింది. నాకు తెలుసు, అది ఆగిందంటే మంచిది కాదు.

"ముప్పై ఏళ్ళ నుంచి కుడుతున్నాను. ఒకరి గుడ్డ నా దగ్గర ఉంచుకుని ఒక్క పూట ఊరు దాటలేదు. జనం గుడ్డలు ఎత్తుకుని పారిపోయిందని అనిపించుకోమంటావా? నీకు తొందరైతే నువ్వు పో బాబూ."

"ఒరేయ్, నువ్వూ పోరా" అంది నా వైపు తిరిగి.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

కెప్టెను బయటికి వెళ్ళి రేడియోలో పై అధికారితో మాట్లాడాడు. షట్టరు కింద నుంచి అంతా వినిపించింది.

"ఒక మహిళ రానంటోంది సార్."

"కారణం?"

"పదిహేడు జతల బట్టలు సార్."

"వదిలేసి రమ్మని చెప్పు."

"చెప్పాను సార్. మీ ఆవిడ గుడ్డలు ఏ టైలరైనా ఇలాగే వదిలేసి పోతే మీరు ఊరుకుంటారా అని అడగమంది సార్."

అవతల గొంతు కాస్త తగ్గింది.

"ఎన్ని జతలన్నావు?" అన్నాడు పై అధికారి.

"పదిహేడు సార్."

"బలవంతం చేయడానికి వీల్లేదు. మన పౌరురాలు. ఐదింటికి మాత్రం ఆవిడ విమానంలో ఉండాలి. ఎలాగో నువ్వే చూసుకో."

కెప్టెను లోపలికి వచ్చి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "ఏం మిగిలింది పని?"

మిగిలింది చాలానే ఉంది. ఆరు చొక్కాలకు గుండీలు లేవు. నాలుగు ప్యాంట్లకు అంచులు మడవలేదు. ఇస్త్రీ అసలే లేదు. గుండీ కుట్టడం సైనికులందరికీ వచ్చు. గోడకు తుపాకులు ఆనించి ఎనిమిది మందీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అక్క మధ్యలో తిరుగుతూ ఒక్కొక్కడి పనీ వంగి చూసింది.

"ఇదేం కుట్టు? మూటకు వేసే ముడా? విప్పు."

"ఎవరయ్యా ఇక్కడ ఎర్ర దారం వేసింది? యుద్ధానికి రంగు చూడక్కర్లేదు, చొక్కాకు చూడాలి. విప్పు."

ఒకడు ఉన్నాడు, తలుపంత మనిషి. పెద్ద తుపాకి మోసేవాడు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ అరటిపండంత. వాడు కాజాలు కుట్టాడు. అక్క ఒక కాజా కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. తిప్పి మళ్ళీ చూసింది.

"నీకు ఈ తుపాకి ఎవరు అంటగట్టారు నాయనా?" అంది జాలిగా. వాడు సిగ్గుపడి తల వంచుకున్నాడు.

ఇక పంచే పని. ఆ ఊరి పేర్లు అక్కకు నోరు తిరగవు. అందుకని ప్రతి మూటకూ ఒక గుడ్డముక్క పిన్ను పెట్టి, దాని మీద పెన్సిలుతో బొమ్మ వేసేది. మనిషంతా వేయదు. మనిషిలో ఏది ముందు కనబడుతుందో అదే వేస్తుంది. కెప్టెను ఆ ముక్కలన్నీ నేల మీద పరిచి, యుద్ధపటం చూసినట్టు చూశాడు.

"ఈ చెవులెవరు?"

"రొట్టెల కొట్టాయన" అన్నాను.

"ఈ పొట్ట?"

"మందుల షాపు."

"ఇది బంగాళాదుంపా?"

"ముక్కు. లాయరు గారిది."

"ముక్కు ఇలా ఉంటుందా?"

"చూస్తారుగా."

బయల్దేరేముందు అక్క షరతు పెట్టింది. గుడ్డలు గుమ్మంలో పడేసి రాకూడదు. వేసుకుని చూపించమనాలి. ముందుకూ వెనక్కీ తిప్పి చూడాలి. 'బాగుంది' అన్నాకే రావాలి. ఆమె పద్ధతి అది. ఇన్నేళ్ళూ అలాగే ఇచ్చింది.

రొట్టెల కొట్టాయన తలుపు తీసేసరికి గుమ్మంలో ఆరుగురు తుపాకులతో నిలబడి ఉన్నారు. మధ్యలో కెప్టెను ప్యాంటు పట్టుకుని ఉన్నాడు. పక్కన అటూ ఇటూ మాటలు మార్చి చెప్పడానికి నేను.

"బాగుంది! చాలా బాగుంది! నా జన్మలో ఇంత మంచి ప్యాంటు వేసుకోలేదు!" అన్నాడాయన.

"ఇంకా వేసుకోలేదు కదండీ" అన్నాడు కెప్టెను.

ఆయన అక్కడే వేసుకున్నాడు. భయంలో రెండు కాళ్ళూ ఒకే దాంట్లో దూర్చాడు. అలాగే గెంతుతూ ముందుకూ వెనక్కీ తిరిగి చూపించాడు. కెప్టెను కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

లాయరు గారి తలుపు తెరుచుకోగానే కెప్టెను ఆయన్ని పేరు అడగలేదు. ముక్కు చూశాడు. చొక్కా ఇచ్చేశాడు.

ఒకే ఒక్కావిడ పేచీ పెట్టింది. బడిపంతులమ్మ. తుపాకుల వంక కన్నెత్తి కూడా చూడలేదు. గౌను వేసుకొచ్చి చెయ్యి పైకెత్తి, "భుజం దగ్గర లాగుతోంది" అంది.

"లాగడం లేదండీ, బాగానే ఉంది" అన్నాడు కెప్టెను.

"వేసుకుంది నువ్వా, నేనా?"

గౌను వెనక్కి తెచ్చాం. అక్కకు కోపం వస్తుందనుకున్నాను. సంబరపడింది. "ఆవిడొక్కతే నిజం చెప్పింది" అని కుట్టు విప్పి సరిచేసింది. మళ్ళీ తీసుకెళ్ళాం. ఆవిడ రెండుసార్లు చెయ్యి ఎత్తి దించి, కెప్టెను భుజం తట్టి పంపింది.

మూడింటికల్లా పదహారు జతలు అయిపోయాయి. కెప్టెను నుదురు తుడుచుకుని చివరి మూట అందుకున్నాడు. అది నల్ల కోటు. బొమ్మలో కనుబొమలు తప్ప ఏమీ లేవు. అవి కూడా రెండు కాదు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఒకటే.

"ఇదెవరు?"

నేను బూట్ల వంక చూశాను.

"పెద్దాయనా, ఎవరిది ఇది?"

"ఏర్‌పోర్టు దారి మూసేసినాయనది."

పొద్దున్న సైనికులు వచ్చినప్పుడు ఆ దారి తెరిచే ఉంది. మధ్యాహ్నం నుంచి ఆయన బస్సులు అడ్డం పెట్టి మూసేశాడు. పోయిన వారం దాకా సినిమా హాల్లో టికెట్లు చించేవాడు. మేనేజరును చేస్తామంటే కోటు కుట్టమని ఇచ్చాడు. ఈలోగా ప్రభుత్వం పడిపోయింది, ఈయన జనరలైపోయాడు.

కెప్టెను కోటు కింద పెట్టేశాడు. "ఇదొక్కటీ వదిలేద్దామమ్మా. శత్రువు కోటు."

"నీకు శత్రువేమో. నాకు నడుము నలభై, ఛాతీ నలభై నాలుగు" అంది అక్క. మెళ్ళో టేపు వేసుకుని, పిన్నుల డబ్బా చేత పట్టుకుని లేచింది. "ఈసారి నేనే వస్తాను. కోటు ట్రయలు మగాళ్ళకు చేతకాదు. ఒరేయ్, షట్టరు దించరా."

రాయబారి గారూ మిగతావాళ్ళూ, మిగిలిన సైనికులూ ఎక్కిన రెండు బస్సులు కూడా వచ్చి మా వ్యాను వెనక చేరాయి. మూడు ముప్పావుకు ఏర్‌పోర్టు దారిలో ఆగాం. ఎదురుగా అడ్డం తిప్పిన మూడు సిటీ బస్సులు, కుర్చీలు, బల్లలు, టైర్లు. వాటి వెనక అరవై మందిదాకా తుపాకులతో ఉన్నారు. వాళ్ళకు కాస్త ముందుగా, గొడుగు కింద కుర్చీ వేసుకుని జనరలు కూర్చున్నాడు. ఎవరి దగ్గరో తెచ్చుకున్న కోటు వేసుకున్నాడు. దాని చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి.

వాళ్ళు తుపాకులు ఎత్తారు. మనవాళ్ళూ ఎత్తారు. కెప్టెను, "ఎవరూ కాల్చొద్దు" అన్నాడు.

అక్క కోటు చేతి మీద వేసుకుని నడిచి వెళ్ళిపోయింది. నేను వెనకాల వెళ్ళాను.

జనరలు అక్కను చూసి కుర్చీలోంచి లేచాడు. కోటును చూసి ముఖం విప్పారింది.

"ఇప్పుడా తేవడం? నెలన్నర అయింది!" అన్నాడు. వాళ్ళ భాష అక్కకు ముక్కలు ముక్కలుగా వచ్చు. తిట్టడానికి సరిపోయేంత వచ్చు.

"నువ్వు ఈలోగా ఒళ్ళు చేశావు. అది నా తప్పా? ఆ అరువు కోటు తియ్యి. ఆ తుపాకి బెల్టు కూడా తియ్యి, నడుము దగ్గర ఎత్తుగా ఉంటే కొలత తెలియదు. అటు తిరుగు."

ఆయన అన్నీ తీసి కుర్చీలో పెట్టి అటు తిరిగాడు. అక్క నల్ల కోటు తొడిగింది. వెనక్కి జరిగి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"చంకలో పట్టేసింది. ఇటు తిరిగి చేతులు పైకెత్తు. రెండూ. ఇంకా పైకి. అలాగే ఉంచు. దించావంటే పిన్ను దిగుతుంది."

జనరలు రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి నిలబడ్డాడు. ముఖం మా వైపు, వీపు వాళ్ళ వాళ్ళ వైపు. అక్క పక్కటెముకల దగ్గర వంగి సుద్దముక్కతో పొడుస్తూ గుర్తులు పెడుతోంది.

వెనకనున్న వాళ్ళకు ఇవేం తెలుస్తాయి? తమ నాయకుడు బెల్టు తీసేశాడు. పక్కలో ఎవరో ఏదో పొడుస్తున్నారు. ఎదురుగా నలభై మంది పరాయి సైనికులు. ఆయన చేతులెత్తేశాడు. అంతే కనబడింది వాళ్ళకు.

ముందు ఒకడు తుపాకి కింద పెట్టి చేతులెత్తాడు. పక్కవాడు వాణ్ణి చూసి ఎత్తాడు. అలా వరసంతా. బస్సు మీద కూర్చున్నవాడు కూడా దిగి మరీ ఎత్తాడు.

కెప్టెను నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "ఏమైంది వీళ్ళకు?"

"లొంగిపోయారు."

"ఎవరికి?"

"అక్కకు."

కెప్టెను తెలివైనవాడే. ఇంకో ప్రశ్న వేయలేదు. పదిమందిని పంపి అడ్డంగా ఉన్న బస్సును పక్కకు తోయించాడు. చేతులెత్తిన వాళ్ళలో ఇద్దరు మర్యాదగా భుజం పట్టి సాయం చేశారు. పిన్ను ఎక్కడ దిగుతుందోనని చంక వైపే చూస్తున్న జనరలును మన బస్సులు రెండూ మెల్లగా దాటిపోయాయి. మొదటి దాంట్లో సీట్ల కింద నుంచి రాయబారి గారి గొంతు వినిపించింది. "ఏం జరుగుతోందయ్యా బయట?"

"కోటు ట్రయలండీ" అన్నాడు కాజాల సైనికుడు.

"ఓహో" అన్నారాయన.

అప్పటికి నాలుగుంపావు. కెప్టెను అక్క పక్కన వంగి, "అమ్మా, దారి దొరికింది. ఇక రండి" అన్నాడు.

"సగం విప్పిన కుట్టు వదిలేసి రమ్మంటావా?"

ఒక టైరు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. కోటు ఆయన ఒంటి మీదే ఉంది, ఆయన చేతులు గాల్లోనే ఉన్నాయి. ఒక చంక అయింది. లేచి టైరు అటు దొర్లించుకుని రెండో చంక మొదలుపెట్టింది. అక్కకు అరవై ఎనిమిదేళ్ళు. సూది మాత్రం ఉరుకుతోంది. నేను గడియారం చూడటం మానేశాను. చూసిన కొద్దీ అది తొందరగా తిరుగుతోంది.

నాలుగున్నరకు మెడ పట్టేయడంతో జనరలు తల వెనక్కి తిప్పాడు. తన మనుషులు కనబడ్డారు. అరవై మందీ చేతులెత్తి నిలబడి ఉన్నారు.

"ఏమిట్రా ఇది!" అని అరిచాడు.

"మీరెత్తారని ఎత్తాం!" అన్నాడొకడు.

ఆయన కనుబొమ ముడి పడింది. అంత పొడుగు కనుబొమ ముడి పడితే చూడటానికే భయం. ముఖం ఎర్రబడింది. వెనకవాళ్ళ చేతులు మెల్లగా కిందికి, తుపాకుల వైపు రావడం మొదలైంది. మన సైనికుల వేళ్ళు బిగుసుకున్నాయి.

"కోపం తెచ్చుకోకు. ఛాతీ ఉబ్బుతోంది, కొలత తప్పిపోతుంది" అంది అక్క తల ఎత్తకుండా. "ఊపిరి వదులు."

ఆయన వదలలేదు.

"వదులు!"

ఆయన వదిలాడు. పెద్ద నిట్టూర్పు. వెనక అరవై మందీ కూడా వదిలారు. అక్క దారం కొరికి, పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుంది.

"ఇక దించు. ఊపి చూడు. బాగుందా?"

ఆ మాట కోసమే మేమందరం నిలబడి ఉన్నాం. బాగాలేదంటే ఆమె మళ్ళీ విప్పుతుంది. విప్పితే విమానం లేదు. విమానం లేకపోతే ఆ ఊరు, ఆ తుపాకులు, ఆ సగం షట్టరు, మేమిద్దరం.

జనరలు కుడి చెయ్యి ఊపాడు. ముందుకు చాచాడు. ఎవరికో సెల్యూటు కొట్టినట్టు నుదుటి దాకా తెచ్చాడు. ఎడమ చెయ్యి ఎత్తాడు. కొంచెం ఆగాడు.

"ఎడమ వైపు..." అన్నాడు.

"బాగుంది!" అని అరిచాను నేను.

అందరూ నా వంక చూశారు. ఇరవై ఆరేళ్ళలో ఆ ఊళ్ళో నేను అరవడం ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

"నిన్నడిగానట్రా?" అంది అక్క. ఆయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నిజం చెప్పు. ఎడమ వైపు ఏమిటి?"

"ఎడమ వైపు ఇంకా బాగుంది" అన్నాడాయన.

ఆయన కోటు గుండీలు పెట్టుకుని, తన మనుషుల ముందు అటూ ఇటూ నాలుగడుగులు వేశాడు. కోపం ఏమైందో తెలియదు. కొత్త కోటులో కోపం నిలవనట్టుంది. దారి వైపు చెయ్యి ఊపి, పొమ్మన్నాడు. అక్క వ్యాను ఎక్కుతుంటే వెనకే వచ్చాడు.

"మరి ఇక ముందు నాకెవరు కుడతారు?" అన్నాడు.

అక్క ఆయన కాలరు ఒకసారి సర్ది, తలుపు వేసుకుంది.

విమానం మెట్లు తీయబోతుంటే చేరాం. వ్యానును దాని రెక్క కిందికే తోలాను. కెప్టెను అక్కను ముందు ఎక్కించి, నన్ను ఎక్కించి, ఆఖరున తాను ఎక్కాడు. జాబితాలో ఇరవై ఏడో పేరు దగ్గర టిక్కు రెండుసార్లు పెట్టాడు.

పైకి లేచాక అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళ సీసా ఇచ్చాను. పట్టుకుంది.

కెప్టెను మా వెనక సీట్లో కూర్చుని పై అధికారులకు పంపే కాగితం నింపుతున్నాడు. ఒక చోట ఆగిపోయాడు. చాలాసేపు కలం కొరికి, ముందుకు వంగాడు.

"పెద్దాయనా, మూసిన దారి ఎలా తెరిపించారని ఇక్కడ అడుగుతున్నారు. కాల్పులతోనా, చర్చలతోనా, ఇంకేదైనా అయితే రాయమంటున్నారు. ఏం రాయను?"

నేను ఆలోచించాను. జరిగిందే చెప్పాలి కదా.

"చంకలో వదులు చేసి" అన్నాను.

కెప్టెను రాసుకున్నాడు. అక్క కిటికీ వైపు నుంచి తల తిప్పింది.

"ఒక చంకే కాదు బాబూ" అంది. "రెండూ చేశాను. సరిగ్గా రాయి."

కెప్టెను కొట్టేసి, మళ్ళీ రాశాడు.